మా కారు దగ్గు

తప్తపాణి ఘాటీలో మూడవ మలుపు తిరిగేసరికి మా కారు దగ్గింది. ఒక దగ్గు, రెండు దగ్గులు. ఆపైన లెక్కపెట్టే తీరిక లేకపోయింది. వెనుక వెదురుగడల లారీ ఒకటి హారను మీద చెయ్యి తీయకుండా వస్తోంది. మేము గేరు తగ్గించి యాక్సిలరేటరు అదిమాము. దగ్గు హెచ్చిందే గాని బలం హెచ్చలేదు. మలుపు నట్టనడుమ బండి నిలిచిపోయి వెనక్కు జారడం మొదలుపెట్టింది. మేము బ్రేకు మీద నిలబడ్డాము. మా ఇంటావిడ ఒక్క మాటా అనకుండా తలుపు తీసుకొని దిగి, రోడ్డువారనున్న గుండ్రాయి నొకదానిని ఎత్తి వెనుక చక్రం క్రింద పెట్టింది. అంబాసిడరు కారు హాండ్‌బ్రేకు సంగతి ఎరిగినవారు ఆ రాయి విలువ గ్రహిస్తారు.

లారీవాడు ప్రక్కనుంచి దాటిపోతూ ఒడియాలో ఏదో అన్నాడు. మాకు ఒడియా బాగానే వచ్చును గాని ఆ మాటకు అర్థం ఇక్కడ వ్రాయము.

బరంపురం నుంచి దిగపహండి మీదుగా తప్తపాణికి సుమారు ఏభై కిలోమీటర్లు. ఏటా మాఘమాసంలో ఒకనాడు అక్కడి వేడినీటి బుగ్గకు పోయి రావడం మా ఇంట వాడుక. మా ఇంటావిడ మోకాళ్ళకు ఆ గంధకపు నీళ్ళు మేలు చేస్తాయని ఆమె నమ్మకం. ఆనాడు నీళ్ళ దాకా పోనే లేదు. పావుగంట సేపు బానెట్ ఎత్తి గాలి తగలనిచ్చిన తర్వాత ఇంజను ఏమీ ఎరుగనట్టు అందుకొన్నది. వెనుదిరిగి పల్లానికి దిగివచ్చాము. దారి పొడుగునా ఒక్క దగ్గు లేదు. ఇంటిముందు ఆపి ఇంజను అలాగే ఉంచి విన్నాము. కుట్టుమిషను లాగా తిరుగుతోంది.

"ఏమండీ, ఇక నేను దీనిలో ఎక్కను" అని మా ఇంటావిడ లోపలికి పోయింది. రాయి మాత్రం డిక్కీలో ఉన్నది. ఆమే తెచ్చింది.

ఈ బండి 1976లో మా నాన్నగారు కొన్నది. మార్క్ త్రీ. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1957లో మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్ల వరుసలో నడిమి తరం మనిషి. ఇంజను 1489 సీసీ పెట్రోలుది, నాలుగు సిలిండర్లు. పదిహేనేళ్ళు దాటిన సొంతబండికి అయిదేళ్ళ కొకసారి రిజిస్ట్రేషను తిరగవ్రాయించుకోవాలి గదా, ఆ గడువు రానున్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం పాతబండ్లను తుక్కు చేసే విధానం ప్రకటించిన నాటి నుంచి మా అబ్బాయి ఫోను చేసినప్పుడల్లా "ఇచ్చేయండి నాన్నగారూ" అంటూనే ఉన్నాడు. ఘాటీ సంగతి వాళ్ళ అమ్మ చెప్పిన తర్వాత ఆ మాట గట్టిగా అనడం మొదలుపెట్టాడు. మాకూ జవాబు లేకపోయింది. మనం ఒక్కరమే ప్రాణం మీదికి తెచ్చుకొంటే అది మన ముచ్చట. ఇంటి మనిషిని మలుపులో రాళ్ళెత్తించడం వేరు సంగతి.

కారు లేని చదువరుల కోసం ఈ దగ్గు ఏమిటో కాస్త చెప్పాలి. మేస్త్రీలు దీనిని "మిస్సింగు" అంటారు. పెళ్ళిళ్ళలో పసుపు దంచేటప్పుడు ఒకే రోటి చుట్టూ నలుగురు ముత్తైదువులు నిలబడి నాలుగు రోకళ్ళు వేయడం చూచినవారికి ఇది సుళువుగా తెలుస్తుంది. ఒకరి తర్వాత ఒకరు, తాళం తప్పకుండా వేయాలి. ఇంజనులోనూ అంతే. నాలుగు సిలిండర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే వరుసలో పేలుతాయి. ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతూంటే క్షణానికి నూరు నిప్పురవ్వలు కావాలి. ఒక్కొక్క ప్లగ్గుకు ఇరవై అయిదు. ఈ నూటిలో ఏ ఒక్కటి రాకపోయినా, వచ్చి కూడ పెట్రోలు గాలి అంటుకోకపోయినా, రోకలి తప్పినట్టే. బండి ఒకసారి కుదుపుతుంది. వరుసగా తప్పితే ఘాటీ ఎక్కదు.

తప్పడానికి కారణాలు మూడు కుటుంబాలు. నిప్పు రాకపోవడం, పెట్రోలో గాలో పాళ్ళు తప్పడం, లేదా సిలిండరులో బిగువు లేకపోవడం. వినడానికి మూడే. ఒక్కొక్క కుటుంబంలో అన్నదమ్ములు, దాయాదులు, మేనత్త బిడ్డలు కలిసి ఇరవైమంది తేలతారు. వీరిలో దొంగ ఎవరో పట్టడానికి మేము ఆరు నెలలు తీసుకొన్నాము. ఆ ఆరు నెలలలో ఒక పెద్దమనిషి మీద దొంగతనం మోపాము గూడా. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

సంగతి శ్రావణమాసంలో మొదలైంది. పని లేక, వాన వెలవక, మేమే స్వయంగా బండికి ట్యూనింగు చేద్దామని కూర్చున్నాము. విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఒక పెద్ద షాపులో డిస్ట్రిబ్యూటరు సరంజామా అంతా కొత్తది కొన్నాము: సీబీ పాయింట్లు, కండెన్సరు, రోటరు, పైమూత. ఫీలర్ గేజి పెట్టి పాయింట్ల ఎడం అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, ప్లగ్గుల ఎడం వెయ్యింట ఇరవై అయిదు వంతులు చూచుకొన్నాము. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాము. ఇంజను ఒక్క తాపున అందుకొంది. పాత సామాను ఒక హార్లిక్సు సీసాలో వేసి అటక మీద పెట్టాము. పారవేయడం మా చేతకాదు. ఈ గుణాన్ని ఇంట్లో ఎవరూ మెచ్చుకోరు.

దసరాకు ముందు బండి కాస్త పొగ వదులుతోందని మా మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాము. పాత బస్టాండు వైపు రేకుల షెడ్డులో ముప్ఫై అయిదేళ్ళకు పైగా ఈ బండిని చూస్తున్నవాడు అతడే. మా నాన్నగారు పోయిననాడు శవం ఇంట్లో ఉండగానే చుట్టాలను స్టేషను నుంచి తేవడానికి ఈ బండి నడిపింది అతడే. కార్బ్యురేటరు విప్పి కడిగి, జెట్లు ఊది, ఫ్లోటు గిన్నెలోని మడ్డి తీసి బిగించాడు. పొగ పోయింది. కార్తీక వనభోజనాలకు అయిదుగురం ఎక్కి బయలుదేరితే ఊరి బయట చిన్న మిట్ట మీద బండి మొదటిసారి దగ్గింది.

మనిషి బుద్ధి ఎట్లా పనిచేస్తుందో చూడండి. కార్బ్యురేటరు ముట్టుకొన్న తర్వాత దగ్గు వచ్చింది గనుక కార్బ్యురేటరు ముట్టుకోబట్టే దగ్గు వచ్చిందని మేము తేల్చేశాము. మేస్త్రి దగ్గరికి పోతే అతడు ఇంజను ఆడించి విని, "ఏటీ లేదు బాబూ, బాగుంది గదా" అన్నాడు. నిజమే, నిలబడ్డ బండికి ఏమీ లేదు. "డిస్ట్రిబ్యూటరు సూడమంటారా?" అన్నాడు. "అటు చూడనక్కరలేదు, అన్నీ కొత్తవే" అన్నాము. అతడు కార్బ్యురేటరు మళ్ళీ విప్పాడు. మళ్ళీ బిగించాడు. రెండు రోజులకు మళ్ళీ దగ్గింది. మూడవసారి పోయినప్పుడు అతని కుర్రవాళ్ళు, ఇంకా ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళు వింటూండగా మేమొక మాట అన్నాము. మంచి జెట్టు తీసుకొని అరిగినది బిగించావా అని.

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకొన్నాడు. "బండి తీసుకెల్లిపోండి బాబుగారూ" అన్నాడు. కూలీ ఇవ్వబోతే ఆ చెయ్యి చాచలేదు.

తర్వాత ఒక కొత్త వర్క్‌షాపుకు పోయాము. చలువరాళ్ళ నేల, చల్లగాలి గది, కాఫీ. ఒక కుర్రవాడు చేతిలో స్కానరు పట్టుకొని దాని తీగ తగిలించే చోటు కోసం డాష్‌బోర్డు క్రింద చాలాసేపు వెదికాడు. 1976 బండికి అటువంటి చోటు లేదని చెప్పడానికి మాకే మొగమాటమైంది. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, వాళ్ళు పుట్టకముందరి బండి. పెట్రోలు పంపు మార్చారు, ప్లగ్గుల తీగలు మార్చారు, కాయిల్ మార్చారు. ప్రతిసారీ రెండు మూడు రోజులు బాగానే ఉండేది, ఏలనంటే ఆ రెండు మూడు రోజులు మేము ఊళ్ళోనే తిరిగేవాళ్ళము. బిల్లు సంగతి మా ఇంటావిడకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఈ పత్రిక ఆమె చదువుతుంది గనుక ఇక్కడా చెప్పము.

తప్తపాణి నుంచి వచ్చిన మరునాటి నుంచి మేమే పరీక్షలకు దిగాము. ఈసారి ఏమీ కొనగూడదని ఒట్టు పెట్టుకొన్నాము. కొనకుండా చేయగల పరీక్షలు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది.

మొదట ప్లగ్గులు నాలుగూ విప్పి వరుసగా కాగితం మీద పెట్టి చూచాము. ప్లగ్గు మొగం చూస్తే సిలిండరు కడుపులో సంగతి తెలుస్తుంది. నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు హెచ్చు. తెల్లగా సున్నం వేసినట్టుంటే పెట్రోలు తక్కువ, వేడి హెచ్చు. నూనెతో తడిసి ఉంటే రింగులో వాల్వు గైడ్లో అరిగాయి. బిస్కెట్టు రంగులో ఉంటే ఆరోగ్యం. మావి నాలుగూ బిస్కెట్టు రంగే, కాస్త మసి ఛాయతో. ఒక్కటి మాత్రమే చెడి ఉంటే దానిని ప్రక్క సిలిండరుకు మార్చి, జబ్బు ప్లగ్గుతో పాటు పోతుందా, ఆ సిలిండరు లోనే ఉంటుందా అని చూడవచ్చు. ఇక్కడ ఆ పని లేకపోయింది.

ఇంజను ఆడుతూండగా ఒక్కొక్క ప్లగ్గు తీగే ఊడదీయడం మరొక పరీక్ష. చేతికి రబ్బరు తొడుగు ఉండాలి సుమండీ. అక్కడ ఇరవైవేల వోల్టుల దాకా ఉంటుంది. బాగున్న సిలిండరు తీగ తీస్తే ఇంజను తాళం కుంటుపడుతుంది. అంతకు ముందే చచ్చి ఉన్న సిలిండరు తీగ తీస్తే ఏ మార్పూ ఉండదు. మావి నాలుగూ సమంగా కుంటాయి. సైలెన్సరు గొట్టం చివర కాగితం ముక్క పట్టాము. ఎగ్జాస్టు వాల్వు కాలి ఉంటే ఆ కాగితాన్ని మధ్య మధ్య లోపలికి పీల్చుకొంటుంది. 2000 సంవత్సరంలో సీసం కలిసిన పెట్రోలు దేశంలో పూర్తిగా ఆగిపోయిన తర్వాత పాత ఇనుప హెడ్డుల వాల్వు సీట్లకు ఈ బాధ హెచ్చిందంటారు, అందుచేత మాకు ఇక్కడ భయమే ఉండేది. కాగితం బయటికే కొట్టుకొంది.

పెట్రోలు మీద అనుమానం పోవడానికి పెట్రోలు టాంకి మూత వదులుచేసి తిరిగాము. మూతకున్న గాలిరంధ్రం పూడుకుపోతే పది పదిహేను కిలోమీటర్లు పోయేసరికి టాంకిలో గాలి చాలక పెట్రోలు రాదు. మూత తీయగానే ఉస్సుమంటుంది. మాది ఉస్సు అనలేదు. ఎండలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోవడం ఇంకొక సంగతి, దానికి పంపు మీద తడిగుడ్డ వేయడం మా నాన్నగారి కాలం నాటి వైద్యం. అదీ చేశాము. ఇప్పుడు పెట్రోలు కూడ మా నాన్నగారి నాటిది కాదు. 2025 నాటికి దేశమంతటా బంకులలో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. ఒక గొట్టం మెత్తబడి ఉబ్బి ఉండడం చూచి మార్చాము. ఒట్టు తప్పింది గాని అది ఎటూ మార్చవలసినదే. దగ్గు మాత్రం మారలేదు.

అన్నింటిలోకి మాకు నచ్చినది చీకటి పరీక్ష. అమావాస్యనాటి రాత్రి వాకిట్లో దీపాలన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి, ఇంజను ఆడిస్తూ చూడాలి. తీగల మీద, మూత మీద పగుళ్ళుంటే అక్కడి నుంచి నీలపు మెరుపులు పాకుతాయి. మాకు గోపాలపురం సముద్రం దగ్గర. ఉప్పుగాలికి ఈ మూతలలోని ఇత్తడి ముక్కలకు పచ్చటి చిలుము పడుతుంది. పువ్వులకు చల్లే బుడ్డితో నీళ్ళు తుంపరగా చల్లి చూచాము. మెరుపులు లేవు. మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. బండి ఎక్కనన్నదే గాని బండి సంగతి విననని అనలేదు.

"మీరు ఒక్కొక్క సిలిండరునే పట్టుకొని వెదుకుతున్నారు. ఆవేళ ఘాటీలో నేను విన్నది ఒకే రోకలి తప్పడం కాదండీ" అన్నది.

"మరి?"

"ఒకే రోకలి తప్పితే తాళంలో ఒకే చోట గుంట పడుతుంది. ఆవేళ ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ తప్పింది. నలుగురికీ ఒకేసారి చేతులు నొప్పి పుట్టినట్టు."

ఆమె పుట్టింట్లో అటుకులు దంచిన చెవి అది. మేము అప్పుడు దానిని పెద్దగా పట్టించుకోలేదు. పడుకొన్న తర్వాత ఆలోచించాము. నాలుగు సిలిండర్లకు నాలుగు ప్లగ్గులు, నాలుగు తీగలు, నాలుగు జతల వాల్వులు. వీటిలో ఏది చెడినా ఒక్క రోకలే తప్పాలి. అందరికీ కలిసి తప్పిందంటే చెడినది నలుగురికీ ఉమ్మడి సొత్తు. కాయిల్ ఉమ్మడి, కండెన్సరు ఉమ్మడి, పాయింట్లు ఉమ్మడి. మేము చేసిన పరీక్షలలో సగం ఈ ఒక్క మాట ముందే విని ఉంటే చేయనక్కరలేదు. ఇంకొకటి కూడ అర్థమైంది. ఈ దగ్గు వచ్చినప్పుడల్లా బండి మీద బరువున్నది, ఎక్కుడున్నది. మేమూ, మేస్త్రీ, ఆ వర్క్‌షాపు కుర్రవాళ్ళూ దానిని నిలబెట్టి విన్నాము. నడవలేని చోట నడిపి చూడక, మంచం మీద పడుకోబెట్టి నాడి చూచాము.

అంతవరకు తెలిసింది. అటు తర్వాత మా పుస్తకం కూడ సాయం చేయలేదు. తెల్లవారి మేస్త్రి షెడ్డుకు పోయాము.

ఏమని మాట్లాడాలో దారిలో నాలుగు రకాలుగా అనుకొన్నాము. షెడ్డులో అతడు ఒక ఆటో క్రింద పడుకొని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్ళతోనే చెప్పాము: "మేస్త్రీ, ఆనాడు అన్నది తప్పు. జెట్టు మాట మేము అనగూడదు." కాళ్ళు కదలలేదు. కాసేపటికి లోపలి నుంచి, "బండి తెచ్చారా?" అని వినిపించింది.

"తేలేదు."

"అమ్మగారి మోకాళ్ళు ఎలాగున్నాయి?"

తప్తపాణి సంగతి చెప్పాము. రాయి సంగతీ చెప్పాము. అతడు బయటికి వచ్చి కూర్చున్నాడు. ఒక కంటికి శుక్లం తీయించుకొన్నట్టున్నాడు, నల్లద్దాలు పెట్టుకొన్నాడు. "ఎక్కేటప్పుడే దగ్గుతాదా? దిగేటప్పుడు లేదా? సల్లారితే పోతాదా?" అని మూడు ప్రశ్నలు వేశాడు. "అమ్మగారు ఏటన్నారు?" అన్నాడు. రోకళ్ళ మాట చెప్పాము. అతడు తల ఊపి, "రేపు గోపాలపురం దాకా నలుగురిని ఎక్కించుకొని పోయి, వేడి మీద ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడికి తెచ్చీండి. దారిలో ఆపొద్దు" అన్నాడు.

అట్లాగే చేశాము. బండి షెడ్డులోకి రాగానే ఇంజను ఆపించి డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. లోపల నిలువు కడ్డీ మీద రోటరు ఉంటుంది. బొటనవ్రేలి కణుపంత నల్లటి ముక్క, పైన ఇత్తడి రేకు. కాయిల్ నుంచి వచ్చే కరెంటును అందుకొని, గుండ్రంగా తిరుగుతూ, వడ్డన చేసేవాడిలాగా ఒక్కొక్క తీగకూ వంతు వేయడం దాని పని. కాయిల్ తీగ కొసను పొడిగుడ్డ చుట్టిన పట్టకారుతో పట్టుకొని ఆ ఇత్తడి రేకుకు పావంగుళం ఎత్తున నిలిపాడు. కుర్రవాణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాడు.

టక్, టక్, టక్ మని తీగ కొస నుంచి రోటరు రేకు మీదికి నీలపు రవ్వలు దూకాయి.

మేము సంతోషించాము. నిప్పు బాగున్నది గదా అన్నాము. మేస్త్రి నల్లద్దాల మీదుగా మమ్మల్ని చూచాడు. "మూత తీసీసి ఉంది గదా బాబూ. రేకు మీదకి దూకిన కరెంటు మరి ఎటు పోతంది? దారి లేనప్పుడు దూకకూడదు గదా. దూకిందంటే ఎక్కడో దారుంది."

దారి ఉన్నది. ఇత్తడి రేకును బిగించిన మేకు లోపల నల్లముక్క గుండా దాదాపు క్రింది ఇనుపకడ్డీ దాకా దిగి ఉన్నది. మధ్య మిగిలిన పలుచటి పొరలో కరెంటు సూదిబెజ్జమంత దారి చేసుకొని నేరుగా ఇంజను ఇనుములోకి పారిపోతోంది. రోటరు ఊడదీసి తిరగవేసి చూపించాడు. లోపలివైపు ఆవగింజంత నల్లటి మచ్చ.

మరి ఇంటి దగ్గర ఎందుకు బాగుండేదని అడిగాము. అతడు కాలువ సంగతి చెప్పాడు. కాలువలో నీరు తక్కువగా ఉన్నంతసేపు గట్టులో ఎలుక బొరియ ఉన్నా తెలియదు. కాలువ నిండినప్పుడే అక్కడి నుంచి కారుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు సిలిండరులోకి పోయే గాలీ పెట్రోలూ కొంచెం, ఒత్తిడి తక్కువ, కొద్దిపాటి వోల్టులకే ప్లగ్గు దగ్గర రవ్వ దూకుతుంది. ఎక్కుడులో యాక్సిలరేటరు అదిమితే సిలిండరు నిండా చేరి గట్టిగా నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలంటే వోల్టులు హెచ్చాలి. వోల్టులు హెచ్చేసరికి కరెంటు ప్లగ్గు మానేసి, సుళువైన బొరియ చూచుకొంటుంది. వేడెక్కినకొద్దీ ఆ బొరియ ఇంకా సుళువు. ప్లగ్గు ఏదయితేనేం, నాలుగింటికీ వడ్డించేవాడు ఒకడే గనుక నాలుగు రోకళ్ళూ తప్పుతాయి.

"ఇది ఎప్పుడు మార్చారు?" అన్నాడు.

శ్రావణంలో అన్నాము.

"దసరాకి ముందా, వెనకా?"

ముందే అన్నాము. ఆ సమాధానం చెప్పడానికి కొంత సమయం పట్టింది. అతడు ఆ మాట మీద ఇంకేమీ అనలేదు. కాస్త ఆగి, "మీరు కొత్తవి అన్నారని నేనూ ఇప్పి సూడలేదు బాబూ. సూడాలి. నాదీ ఉంది తప్పు" అన్నాడు. తన చేతిలోని కొత్త రోటరును వెలుతురుకు పెట్టి చూస్తూ, ఇప్పుడు దొరికే ముక్కలలో మేకు పొడుగైనవి కొన్ని వస్తున్నాయని, ఇవి కొన్ని వందల కిలోమీటర్లకే పోతాయని చెప్పాడు. ఈ పాత బండ్లు ఉంచుకొన్నవారు దేశదేశాలలో ఇదే మొర పెడుతున్నారని మేము తర్వాత తెలుసుకొన్నాము. కండెన్సర్లదీ అదే గతి. పాతికేళ్ళు పనిచేసిన ముక్కను తీసి పారవేసి, పాతికరోజులు పనిచేయని ముక్కను బిగించుకొని, కొత్తది గదా అని నిశ్చింతగా ఉంటున్నాము.

"పాతది ఏం సేసారు?"

ఇంటికి ఫోను చేశాము. మా ఇంటావిడ అటకెక్కే పని పొరుగింటి కుర్రవాడికి పెట్టి, హార్లిక్సు సీసా ఆటోలో వేసుకొని తానే షెడ్డుకు వచ్చింది. మేస్త్రి సీసాను గుడ్డ మీద బోర్లించి పాత రోటరు ఏరాడు. రేకు అంచు అరిగి వెలసి ఉన్నది. కడ్డీ మీద పెట్టి అదే పరీక్ష చేశాడు. సెల్ఫ్ కొట్టినంతసేపు కాయిల్ తీగ కొస చీకటిగానే ఉండిపోయింది. ఒక్క రవ్వ దూకలేదు. ఇందాక రవ్వలు చూచి సంతోషించిన మేము ఇప్పుడు రవ్వలు లేకపోవడం చూచి సంతోషించాము.

పాత కండెన్సరు కూడ బిగించాడు. పాయింట్లు మాత్రం కొత్తవే ఉంచాడు, అవి బాగున్నాయన్నాడు. కూలీ అడిగితే మునుపటి రేటు మీద ఏభై రూపాయలు ఎక్కువ చెప్పాడు. కార్తీకంలో తీసుకోని కూలీ వేరే చెప్పాడు. రెండూ ఇచ్చాము. లెక్కపెట్టుకొని జేబులో వేసుకొన్నాడు.

ఫాల్గుణంలో మళ్ళీ తప్తపాణికి బయలుదేరాము. మేస్త్రి ముందు సీటులో కూర్చున్నాడు, వినడానికి. మా ఇంటావిడ వెనుక సీటులో కూర్చున్నది. ఆమె ఎలా ఎక్కిందని మా అబ్బాయి ఫోనులో అడిగాడు గాని, ఎవరూ ఆమెను బ్రతిమాలలేదు. మేస్త్రి వస్తున్నాడంటే సరేనన్నది. మూడవ మలుపు దగ్గర మేము గేరు తగ్గించి యాక్సిలరేటరు అదిమాము. ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. ఇంజను తాళం తప్పకుండా ఎక్కింది. మలుపు దాటిన తర్వాత మేస్త్రి, "రెండో సిలిండరు ట్యాపెట్టు కొంచెం సప్పుడు సేస్తంది, ఆదివారం తెచ్చీండి" అన్నాడు.

రిజిస్ట్రేషను కాగితాలు తిరగవ్రాయించడానికి పెట్టాము. డిక్కీ శుభ్రం చేసేటప్పుడు ఆ గుండ్రాయి ఇంకెందుకని తీసి వాకిట్లో పెట్టబోతే మా ఇంటావిడ ఒప్పుకోలేదు. దాని క్రింద పాత గోనెముక్క ఒకటి పరచి, దొర్లకుండా మళ్ళీ డిక్కీలోనే పెట్టించింది.